ఎడమ పక్క ఏముండాది

మదనపల్లె డిపో మేనేజరు చేతిలోని సెల్‌ఫోన్లోంచి తన గొంతే వినబడింది కండక్టరు కుసుమకు.

"దేర్ ఈజ్ ఎ స్కూల్. చిల్డ్రన్ ఆర్ క్రాసింగ్. లెఫ్ట్ సైడ్ వన్ ఆటో ఈజ్ స్టాపింగ్..."

సందేహమే లేదు. ఒక్కో మాటనూ కాలితో తడిమి, నేల గట్టిగా ఉందని తేలాకే అడుగు వేసినట్టు పలికే ఆ ఇంగ్లీషు ఇంకెవరిదీ కాదు. వెనక ఇంజను మోత. ఆ మోతలోంచి ఎవరో ముసలామె గొంతు: "గంగవరం టికెట్టు ఇయ్యి తల్లీ. ఎంతసేపని నిలబడేది?" వెంటనే మళ్లీ తన గొంతు: "వస్తాండా అవ్వా, ఒక్క నిమిషం. దట్ లారీ ఈజ్ కమింగ్ ఫాస్ట్."

మేనేజరు ఫోను ఆపి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఇది మీరేనా కుసుమ గారూ?"

"నేనే సార్."

"డ్యూటీలో టికెట్లు కొట్టకుండా ముచ్చట్లు చెబుతోందని దీంతోపాటు ఒక మాట కూడా పంపారు. ఎవరిదో కొత్త నెంబరు. చేస్తే ఎత్తడం లేదు."

కుసుమ చేతులు టికెట్ల మిషను పట్టీని మెలిపెడుతున్నాయి. మేనేజరు చెడ్డవాడు కాడు. బస్టాండులో కొత్తగా పెడుతున్న ఎంక్వయిరీ కౌంటరుకు డిపో నుంచి ఒకరిని పంపాలంటే మొదట ఆమె పేరే అనుకున్నాడు. హార్స్‌లీ హిల్స్ చూడడానికి వచ్చేవాళ్లకు, కాలేజీల్లో చదివే ఉత్తరాది పిల్లలకు ఇంగ్లీషులో జవాబు చెప్పగల మనిషి కావాలి. శనివారం ఇంటర్వ్యూ. ఆ కౌంటరులో వెన్ను ఆనించుకునే కుర్చీ ఉంది. నడుములో పూస జారిందనీ, ఇంకా బస్సులో నిలబడి కుదుపులు తింటే కాలు పడిపోతుందనీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి, కుసుమ రోజూ బస్టాండులో ఆ కుర్చీని చూసే డ్యూటీ ఎక్కుతోంది.

"నేను టికెట్టు ఎవరికీ ఎగ్గొట్టలేదు సార్. లోపలంతా కొట్టేసినాకే ముందుకొచ్చి కూర్చుంటా. ఆ అవ్వ మధ్యలో ఎక్కింది."

"మీ మాట నేను నమ్ముతాను. కానీ నా ఒక్కడి నమ్మకం చాలదు. మీ డ్రైవరు మునిరత్నం ఉన్నాడు కదా, పెద్దమనిషి. అతన్ని వచ్చి ఆ ఒక్క మాటా చెప్పమనండి. శుక్రవారం సాయంత్రం లోపల. లేదంటే ఆ కౌంటరుకు మన కండక్టరు దొరస్వామిని పంపాల్సి వస్తుంది."

కుసుమకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మునిరత్నం అన్న నుంచి మాట సాయం కావాలంటే అడగాల్సిన పని కూడా లేదు.

కుప్పం ఎక్స్‌ప్రెస్ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మునిరత్నం బంపరు మీద నిలబడి ముందద్దం తుడుస్తున్నాడు. నెరిసిన మీసం, మడత నలగని ఖాకీ చొక్కా, చొక్కా జేబులో ఫోను. బస్సు మొత్తం దుమ్ము కొట్టుకుపోయినా ఆయనకు పట్టదు. ముందద్దం మీద మాత్రం ఈగ వాలకూడదు.

"ఏమంట మేనేజరు దొరకి?" అన్నాడు దిగకుండానే.

కుసుమ చెప్పింది. అద్దం మీద గుడ్డ ఆగింది. మళ్లీ కదిలింది గానీ, తుడిచినచోటే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

"ఎవురంట పంపింది?"

"తెలీదంట. ఎవురైతే ఏమిలే అన్నా. నువ్వు పోయి టికెట్లకు ఏ లోటూ రాలేదని ఒక మాట సెప్తే సాలంట."

"సెప్తాలేమ్మా. ఈ ట్రిప్పు కొట్టుకోని రానీ."

"ఇప్పుడే పోయి సెప్తే ఏమన్నా? సార్ ఆఫీసులోనే ఉండాడు."

"టైమైపోయిందమ్మా. ఎక్కు, ఎక్కు."

ఇంకా టైము కాలేదు. అయినా కుసుమ ఎక్కింది.

ఆమె ఇంగ్లీషు చదువు మొదలైంది నిరుడు. తీరిక ఎక్కడిది చదవడానికి? నాలుగింటికి లేస్తే పొయ్యి, క్యారియర్లు, పాపకు జడ. చపాతీ కాలుస్తూ చెవిలో ఒక పాఠం, బస్టాండుకు నడుస్తూ ఇంకొకటి. వినడం సరే, మాట్లాడ్డం ఎవరితో? నోరు తెరిస్తే మొగుడు నవ్వుతాడు, కూతురు తప్పులు దిద్దుతుంది. దారి చూపించినవాడు మునిరత్నమే. ఒకరోజు పుంగనూరు దాటాక బస్సులో టికెట్లు అయిపోయి ఆమె ముందు సీట్లో కూలబడినప్పుడు, ఆయనే అన్నాడు: "అద్దంలో కనపడేదంతా ఇంగ్లీషులో సెప్పుకుంటా రామ్మా. నాకూ పొద్దుపోతాది, నీకూ నోరు తిరుగుతాది."

అదొక ఆట అయింది. బోర్డులు, మైలురాళ్ల మీద అంకెలు, ఎదురొచ్చే లారీలు, పక్కకు తిరిగే ఎద్దులు. ఆయన అడుగుతాడు, ఆమె చెబుతుంది. ఎడమ పక్క ఏముండాది? ఆ బోర్డు మీద ఏమి రాసుండాది? దూరంగా ఆ తెల్లది ఏమి, కారా వ్యానా? తప్పు చెప్పినా నవ్వడు. తోడబుట్టినవాడు కూడా ఇంత ఓపిక పట్టడని కుసుమ ఇంట్లో చెప్పుకునేది.

ఆ రోజు పుంగనూరు దాటాక మునిరత్నం మామూలుగానే అడిగాడు.

"ఎడమ పక్క ఏముండాది?"

"వద్దన్నా. ఎవుడు ఇంటాండాడో, ఏమో."

"ఇంటే ఇననీ. మెల్లగా సెప్పు. నాకు ఇనపడితే సాలు."

ఆమె మెల్లగానే చెప్పింది. మాటకు మాటకు మధ్య వెనక్కి తిరిగి చూసింది. ఎవరి చేతిలో ఫోను కనిపించినా నాలుక మడత పడిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మేనేజరు ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. మునిరత్నం మాత్రం బస్సు గ్యారేజీలో పెట్టి, తల నొస్తోందంటూ వెనక గేటు నుంచి వెళ్లిపోయాడు.

"పాపం, వయసైపోయినోడు" అంది కుసుమ ఇంటికొచ్చి.

టమోటా మండీలో వేలం పాడే అంజినప్పకు సాయంత్రమయ్యేసరికి గొంతు ఉండదు. ఆ బొంగురు గొంతుతోనే పెళ్లాన్ని ఆటపట్టిస్తాడు. "నువ్వు ఇంగ్లీషు మానుకోని నా మాదిరి టమోటాలు పాడు. రికార్డు సేసేవాడు కూడా దొరకడు."

"నీకు నవ్వులాటగా ఉండాది. ఆ కుర్చీ పోతే ఉద్యోగమే ఇడిసిపెట్టాల నేను."

అంజినప్ప నవ్వు ఆపేశాడు. లేచి వెళ్లి వేడినీళ్ల సంచి తెచ్చి ఆమె నడుము కింద సర్దాడు. "దొరస్వామిని అడిగినావా?" అన్నాడు. "ఆ కుర్చీ కావాల్సింది వానికే గదా."

మర్నాడు పుంగనూరు బస్టాండులో దొరస్వామి ఎదురుపడ్డాడు. తిరుపతి బస్సు కండక్టరు. టీ అంగడి ముందు గ్లాసు పట్టుకుని నలుగురిని నవ్విస్తున్నాడు.

"రాండి రాండి మేడమ్. గుడ్ మార్నింగ్. హౌ ఆర్ యూ?"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు కుసుమకు కారం చల్లినట్టు తగిలింది.

"నువ్వే గదా పంపింది?"

"ఏమి పంపేది?"

"తెలీనట్ల మాట్లాడొద్దప్పా. నా గొంతు రికార్డు సేసి సార్‌కి పంపింది నువ్వే. కుర్చీ కోసరం ఒక ఆడమనిషి కూడు తీసేకి సిగ్గు లేదా నీకు?"

దొరస్వామి గ్లాసు కింద పెట్టాడు. మొహంలో వెటకారం పోయింది.

"ఆ కౌంటరు నాకు కావాల్నని డిపో అంతా తెలుసు. నేను దాపెట్టలేదు. అది నీకు రాకూడదనుకుంటే నీ ముందరే నిలబడి ఆ మాట అంటా. సాటున ఫోను పట్టేది నాకు సేతకాదు." మెల్లగా అన్నాడు. "నువ్వు కుప్పం తిరుగుతావు, నేను తిరుపతి తిరుగుతా. నీ బస్సు నేనెప్పుడు ఎక్కినా కుసుమా? ఇంతమంది ముందర అన్నావే. రేపు నేను కాదని తెలిస్తే వీళ్లందరి ఇండ్లకు పోయి సెప్తావా?"

మునిరత్నం హారన్ కొట్టాడు. కుసుమ తల వంచుకుని బస్సెక్కింది.

దొరస్వామి కాడు. మరి తన బస్సులో రోజూ ఉండేవాళ్లే. పలమనేరులో దిగే స్కూలు టీచరమ్మ కావచ్చు. నర్సు చదివే పిల్ల కావచ్చు. కిటికీ దగ్గర కూర్చుని ఎప్పుడూ ఫోను చూసుకునే పాల డెయిరీ గుమాస్తా కావచ్చు. నిన్నటిదాకా పేరు పెట్టి పలకరించిన మొహాలు. ఈరోజు టికెట్టు చింపి ఇస్తూ ఒక్కరి కళ్లలోకీ చూడలేదు. టీచరమ్మ "ఏం కుసుమా, ఒంట్లో బాలేదా?" అంటే, చిల్లర చేతిలో పెట్టి ముందుకు జరిగింది.

టికెట్లు అయ్యాక ముందు సీటుకు వెళ్లలేదు. వెనక వరసలో మూలకు కూర్చుని నోరు కుట్టేసుకుంది.

"కుసుమమ్మా, ముందరికి రా" అని మునిరత్నం పిలిచాడు.

"ఈడే బాగుండాదన్నా."

"అట్ల కాదమ్మా. రా, పాఠం సెప్పుకుందాం."

"నాకింక పాఠమొద్దు. ఏమొద్దు."

ఆయన అద్దంలోంచి రెండు మూడుసార్లు వెనక్కి చూశాడు. ఆ రోజు బస్సు నత్తనడక నడిచింది. ప్రతి మలుపు దగ్గరా హారన్. గంగవరం దగ్గర చెయ్యెత్తిన మనిషిని దాటిపోయి, అరుపులు విన్నాక ఆగింది. కుప్పం చేరేసరికి రైలు తప్పిపోయిందని జనం తిట్టుకుంటూ దిగారు. మునిరత్నం స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాడు.

"సార్‌కి రేపు సెప్తా" అన్నాడు ఆమె అడగకముందే. "రేపు తప్పకుండా."

గురువారం ఎండ చురుగ్గా ఉంది. వెంకటగిరికోటలో సగం బస్సు ఖాళీ అయింది. కుసుమ నిన్నటి మూలలోనే కూర్చుని బయటికి చూస్తోంది. కుప్పం ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డు పక్క పసుపుపచ్చ బోర్డు కనబడింది. ఎడమ పక్క పైపుల కోసం కాలువ తవ్వుతున్నారు. బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు, బాణం గుర్తు. ఆ అక్షరాలు ఆమె నోటి దాకా వచ్చాయి. అలవాటు. పళ్ల మధ్య పట్టి ఆపుకుంది.

బస్సు పక్కకు తిరగలేదు.

వేగం తగ్గలేదు. బాణం ఒకవైపు చూపిస్తుంటే బస్సు తిన్నగా బోర్డు మీదికే పోతోంది. కుసుమ లేచింది. నడుములో నిప్పు రవ్వ పడినట్టయింది.

"అన్నా, స్టాప్. లెఫ్ట్‌లో గుంత. స్టాప్, స్టాప్."

బ్రేకు కీచుమంది. జనం ముందుకు తూలారు. రోడ్డుకు అడ్డంగా పెట్టిన డ్రమ్ము ఎగిరి కాలువలో పడింది. ఎడమ చక్రం మట్టిగట్టు అంచున ఆగింది. గట్టు పక్కన కూర్చుని అన్నం తింటున్న కూలిమనిషి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దూకిందో తెలియదు. అవతల నిలబడి గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె అన్నం గిన్నె చక్రం కింద నలిగి ఉంది.

కుసుమ దిగి పరుగెత్తింది. "అక్కా, ఏమైనా తగిలిందా?"

ఆ మనిషి కుసుమను చూడలేదు. డ్రైవరు సీటు వైపే చూస్తూ అడిగింది. "ఇంత బోర్డు పెట్టుండారు గదప్పా. కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావు?"

"బ్రేకు పట్టలేదమ్మా" అన్నాడు మునిరత్నం.

బ్రేకు పట్టకపోతే బస్సు ఆగేది కాదు. ఆ సంగతి కుసుమకు తెలుసు.

ఆమె మళ్లీ ఎక్కింది. వెనక్కి పోలేదు. డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. "పోనీ అన్నా. నిదానంగా. గో స్లో."

బస్సు కదిలింది.

"రైట్ సైడ్ వన్ ట్రాక్టర్. వెయిట్. నౌ గో. స్పీడ్ బ్రేకర్. టూ బైక్స్ ఆర్ కమింగ్."

ఆమె చెప్పేది ఆయన చేతులు చేస్తున్నాయి. చెప్పకపోతే స్టీరింగు నిలిచిపోతోంది. లెఫ్ట్ అనగానే కాలు బ్రేకు మీదికి పోతోంది. ఆ చేతులనూ కాళ్లనూ కుసుమ మొదటిసారి చూసింది. ఇన్నాళ్లూ అద్దంలోంచి రోడ్డునే చూసింది మరి.

అప్పుడు గుర్తొచ్చింది. మేనేజరు వినిపించిన రికార్డులో తన గొంతుంది, అవ్వ గొంతుంది, ఇంజను మోతుంది. అడిగేవాడి గొంతు లేదు. ఎడమ పక్క ఏముండాది అని ఎవరూ అడగలేదు. తనంతట తానే చెప్పుకుంటూ పోయిన రోజు ఒకే ఒకటి. "గొంతు పట్టేసిందమ్మా, నన్ను మాట్లాడించొద్దు, నువ్వే సెప్పుకుంటా పో" అని ఆయన సైగ చేసిన రోజు.

కడ్డీ మీద ఆమె పిడికిలి బిగిసింది. ఆయన చొక్కా జేబులో ఫోను బస్సు కుదుపుకు ఊగుతోంది. నోరు మాత్రం ఆగలేదు. వెనక ఇరవై ముప్పై ప్రాణాలున్నాయి. "చిల్డ్రన్ ఆన్ ది రోడ్. స్టాప్. నౌ గో" అంటూనే ఉంది. వెనక ఎవరో కుర్రాళ్లు, కండక్టరమ్మకు ఇంగ్లీషు పట్టుకుందిరా అని నవ్వుకున్నారు.

కుప్పం బస్టాండులో జనం దిగిపోయారు. ఖాళీ బస్సులో ఇద్దరే మిగిలారు. ఎదురుగా అవతలి ప్లాట్‌ఫారం మీద ఇంకో బస్సు నిలబడి ఉంది.

"ఆ బస్సు యాడికి పోతాదన్నా?" అంది కుసుమ.

మునిరత్నం తలెత్తాడు. కళ్లు చికిలించాడు. బోర్డు కొట్టొచ్చినట్టుంది. తెలుగులోనే ఉంది.

"పలమనేరు" అన్నాడు.

అది క్రిష్ణగిరి పోయే బస్సు.

కుసుమ కిటికీ కడ్డీకి తల ఆనించింది. కోపం వస్తుందనుకుంది. కోపం కోసం లోపలంతా వెతికింది. నిరుటి నుంచి ఒక్కో మాటా పట్టి నేర్పించాడనుకున్న మనిషి, తప్పులకు నవ్వని ఒకే ఒక్క మనిషి, ఇన్నాళ్లూ తన మాటల్లో తప్పొప్పులు వినలేదు. వాటిలో ఆటో ఉందా, పసిబిడ్డ ఉందా అని విన్నాడు. ఆ ముందు సీటు తన బడి అనుకుంది.

"దొరస్వామిని నలుగురి ముందర దొంగను సేసినా అన్నా" అంది చివరికి. "అంతా ఇంటా నువ్వు హారన్ కొట్టినావు."

మునిరత్నం సీటు కింద నుంచి టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"తిరుగు ట్రిప్పుకి జనం ఎక్కుతారు" అంది కుసుమ. "నేను ఎక్కించుకోను. బస్టాండు కంట్రోలరు దగ్గరికి పోదాం రా."

"నువ్వే సెప్పమ్మా. నాకు నోరు రాదు."

"నేను సెప్పను. నా గురించి ఒక్క మాట సెప్తావని మూడు రోజుల నుంచి నీ నోరు సూస్తాండా. సెప్తే నువ్వే సెప్పాల."

ఆయన లేచాడు. మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుని దిగాడు. అడుగు తడబడితే కుసుమ చెయ్యి తనంతట అదే ముందుకు పోయింది. ఆ చేతిని ఆయన పట్టుకోలేదు. గోడ పట్టుకుని నడిచాడు.

కంట్రోలరు గదిలో ఫ్యాను తిరుగుతోంది. టేబులు ముందు కూర్చున్న మనిషి టిఫిను బాక్సు మూత పెడుతూ, "ఏం మునిరత్నం, లేటా?" అన్నాడు. మునిరత్నం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కుసుమ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నేను ఈ బండి తిరిగి తోలను సార్" అన్నాడు మునిరత్నం. "ఇంకే బండీ తోలను. షుగరు కండ్లలోకి దిగిపోయిందంట. ఎడమ కన్ను నిరుడే పోయింది. కుడిది మసక. డాక్టరు తోలొద్దన్యాడు. ఇంట్లో నా పెండ్లాం రెడ్డెమ్మకి కూడా సెప్పలా నేను. స్టీరింగు లేకుంటే నేను మనిషినే కాదనుకున్యా. ఈ అమ్మ ఇంగ్లీషు నేర్చుకుంటాంటే, దోవలో కనపడేదంతా సెప్పుకుంటా రమ్మన్యా. నేర్పిచ్చల్లని కాదు సార్. ఆయమ్మకు కౌంటరు వస్తాదని తెలిసినాక భయమైపోయింది. పక్కన ఇంకొకరొస్తే నేను దొరికిపోతా. దానికోసరమే నా జేబులో ఫోను పెట్టుకోని రికార్డు సేసినా. రెడ్డెమ్మ ఫోన్లో నుంచి మేనేజరు సార్‌కి పంపినా. టికెట్లు కొట్టడం లేదని నేనే మాట పెట్టినా, అది అబద్ధం. పోస్టు రాకుంటే మల్ల వచ్చి ముందు సీట్లో కూసుంటాదనుకున్యా. నోరే మూసేసుకుంటాదని అనుకోలా. ఈ పొద్దు ఒక తల్లి అన్నం తింటాంటే ఆమె మీదికే తోలినా సార్. మదనపల్లెకి ఫోన్ కొట్టండి. మేనేజరు సార్‌కి నేనే సెప్తా ఇదంతా. ఇంకొక మాట కూడా సెప్పల్ల. ఈ అమ్మ ఇంగ్లీషు మంచిది సార్. తప్పుంటే ఈ పాటికి నేను ఎవురినో ఒకరిని సంపేసి ఉందును."